నిక్కరు ప్లాను

మా తరం మగపిల్లలకి నిక్కరు సరిపోయిన పాపాన పోలేదు. దర్జీ మెడలోంచి టేపు తీయగానే నాన్న వెనక నుంచి "ఎదిగే పిల్లాడు, కాస్త లూజు పెట్టవయ్యా" అనేవాడు. అలా ఆ నిక్కరు వచ్చే ఏడాది నా కోసం తయారయ్యేది. ఈ ఏడాది నేను దాన్ని ఒక చేత్తో పట్టుకుని బడికి మోసేవాణ్ణి. తీరా నడుముకి పట్టేసరికి వెనక చిరిగి తపాలా పెట్టె పడేది.

రెడీమేడ్ షార్ట్సు వచ్చాకైనా బాగుపడ్డామా అంటే, మీడియం నడుము దగ్గర ఊపిరాడనివ్వదు, లార్జు తొడల దగ్గర పరికిణీ. పైగా సగం పాలిస్టరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నవాళ్లు బెజవాడ ఎండలో పాలిస్టరు నిక్కరు వేసుకున్నవాణ్ణి చూసి ఉండరు. లుంగీ ఉందిగా అంటారు. ఉంది. అది కట్టుకుని నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కి చూడండి, కింద వీధిలో జనం ఉండగా.

అందుకే కాగితపు నమూనా పెట్టుకుని నేనే కుట్టుకోవాలనుకున్నాను. ఎబెనెజర్ బటరిక్ అనే అమెరికా దర్జీ 1863లోనే సైజులవారీగా ఇలాంటి నమూనాలు అమ్మాడు. ఇప్పుడవి పీడీఎఫ్‌లుగా వస్తున్నాయి. ఏఫోర్ కాగితాల మీద ప్రింటు తీసి అంచులు అతికించుకోవాలి. జిరాక్సు షాపు కుర్రాడు ఆ గీతలు చూసి "ఎన్ని గజాల స్థలం సార్?" అన్నాడు. "నలభై రెండు అంగుళాలు" అన్నాను. అతను 'ఫిట్ టు పేజ్' నొక్కబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. కాగితానికి సరిపెడితే నిక్కరు మనవడికి సరిపోతుంది. ఈ ప్రమాదం తెలిసే, నమూనాలో ఓ మూల చిన్న చదరం గీస్తారు. స్కేలు పెడితే దాని మీద రాసిన కొలతే రావాలి. అప్పుడే కత్తెర ముట్టుకోవాలి.

కొలతలు అక్క తీసింది.

"ఒరేయ్, పొట్ట వదులు."

"వదిలే ఉన్నానే."

"మరి మొహం ఎందుకలా ఎర్రబడింది? రోజంతా ఊపిరి బిగబట్టుకునే తిరుగుతావా?"

వదిలాను. టేపు మరింత సాగింది. ఆ అంకె అక్కకీ నాకూ మధ్యే ఉంటుంది.

అసలు కిటుకంతా సీటు వంపులో ఉంది. ముందు ముక్క వంపు పొట్టి, వెనక ముక్కది పొడుగు, లోతు. కూర్చుంటే గుడ్డ కావాల్సింది వెనకే కదా. వెనక వంపు చాలకపోతే నిక్కరు తొడల మధ్యకి పాక్కుంటూ పోతుంది. పెళ్లి పందిట్లో లేచి నుంచున్న పెద్దమనుషులు దిక్కులు చూస్తూ వెనక్కి చెయ్యి పెట్టి సర్దుకునేది ఇందుకే. ఎక్కువైతే వెనక సంచి వేలాడుతుంది. కాలరు గురించీ, ఇస్త్రీ మడత గురించీ గంటలు మాట్లాడతాం, ఈ వంపు గురించి పెదవి విప్పం.

దీన్ని తేల్చుకోవడానికే ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టాలి. పెద్ద పెద్ద గులాబీల నిక్కరు వేసుకుని గొంతుక్కూర్చోవాలి, మెట్లెక్కాలి, వంగాలి. కొరియరు వాళ్లు సరిగ్గా అప్పుడే వస్తారు.

అసలు గుడ్డ మంగళగిరి కాటన్, మీటరున్నర. కోసే ముందే నానబెట్టి ఆరేయాలి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే కుంచించుకుంటుంది. నమూనా మీది బాణం గుర్తు పడుగు వెంట పోవాలి. ఏటవాలుగా పెడితే కాళ్లు మెలితిరుగుతాయి.

కుట్టడంలో నాకు బాగా నచ్చినది ఆఖరి ఘట్టం. రెండు కాళ్లూ విడివిడిగా కుట్టి, ఒకదాన్ని తిరగేసి, రెండోదాంట్లో దూర్చాలి, మంచి వైపులు ఎదురెదురుగా. అప్పుడు ముందు నుంచి వెనక్కి సీటంతా ఒకే వంపుగా రెండు వరసలు కుట్టేయొచ్చు. లోపలి కాలు బయటికి లాగగానే అంతసేపూ గుడ్డముక్కలుగా ఉన్నది నిక్కరై కూర్చుంటుంది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, ఎవరూ రాలేదు.

నడుముకి ఎలాస్టిక్, అసలు కొలతకన్నా రెండు మూడు అంగుళాలు తక్కువ. నాడా కూడా ఉండాల్సిందేనని అక్క పట్టు. ఎలాస్టిక్‌ని నమ్మి వీధిలోకి వెళ్లకూడదట.

బావగారు చూసి, తనకీ ఒకటి కుట్టిపెట్టమన్నారు. కొలతలు అడిగితే టేపు అక్కర్లేదంటూ చెప్పేశారు. పెళ్లినాటివి.