నీళ్లకు లెక్కుంది, చేపకేదీ?

మా రోజుల్లో గోదావరి మట్టం చూడాలంటే అర్ధరాత్రయినా గొడుగూ టార్చీ పట్టుకుని రేవు మెట్లు దిగాల్సిందే. గేజీ మీద అంకెలకు ఒండ్రు పట్టేస్తే చేత్తో తుడిచి చదివేవాళ్లం. అల లేచినప్పుడొకటి, పడినప్పుడొకటి చూసి, సగటు రిజిస్టర్లో ఎక్కించాలి. ఇప్పుడో? సెన్సారట, ఉపగ్రహమట! మా మనవడు మంచం దిగకుండానే భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో చెప్పేస్తాడు. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వాడికి నోటికొచ్చు. సరే, ఆ విషయంలో మీరే గొప్ప. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన రోజున ఈ సదుపాయం మాకుంటే ఎంత బాగుండేది!

కానీ అబ్బాయీ, నదంటే అడుగులూ క్యూసెక్కులేనా? ఈ ఏడు ఎర్రనీరు ఎప్పుడు దిగింది, తొలి పులస చేప ఏ రోజు వలలో పడింది, యానాంలో చీరమేను చేప ఎన్నాళ్లు దొరికింది అని అడిగి చూడు. ఒక్కడూ నోరు మెదపడు. పులస రేటు మాత్రం అడక్కుండానే చెబుతారు, అదీ వేలల్లో. అందులో పులస పేరుతో ఐసు పెట్టెల్లో పొరుగు రాష్ట్రాల నుంచి దిగిన ఇలస ఎంతో ఆ గోదారి తల్లికే తెలియాలి.

పులస ఎందుకు తగ్గిందంటే ఒకడు ధవళేశ్వరం ఆనకట్ట అడ్డమంటాడు. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయింది 1852లో కదయ్యా! మా చిన్నప్పుడు తిన్న పులసలన్నీ దాని దిగువన పట్టినవే. ఇంకొకడు సన్నకన్ను వలలంటాడు, మరొకడు పాయల మొగల్లో ఇసుక మేటలంటాడు. ఏది ఎంతో తేలాలంటే అదే రేవులో, అదే వలతో, ఏళ్ల తరబడి రాసిన లెక్క కావాలి. ఇప్పుడు జరిగేదేమిటి? మూడేళ్ల ప్రాజెక్టు వస్తుంది, కుర్రాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకెళతారు, నిధులైపోగానే మళ్లీ కనపడరు. ఒక వరదా ఒక కరువూ చూసి గోదావరి సంగతి తెలిసిపోయిందనుకుంటే ఎలా?

మనం వరదలో మునిగిన ఆ 1986లోనే అమెరికావాళ్లు తమ ఎగువ మిసిసిపీ నది కోసం చట్టం చేసుకున్నారు. దాని కింద చేపలు, నీటి మొక్కలు, నీటి నాణ్యత ఏటా ఒకే పద్ధతిలో చూసి రాస్తూనే ఉన్నారు. అంత డబ్బు మనకు లేదంటారా? నోటుబుక్కుకు ఎంతవుతుంది? రేవు పక్క బడి మాస్టార్లూ, వల వేసే తమ్ముళ్లూ, ఎర్రనీరు వచ్చిన తేదీ, తొలి పులస పడిన తేదీ ఏటా రాసి పెట్టండి. ఆ పుస్తకాన్ని మాత్రం పాత కాగితాలవాడికి వేసేయకండి.