మర్రులారా, మిలిటరీ బండి వస్తోంది!

మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్ కట్టుకున్న దొరలకు ఒక దశ దాటాక ఇంకేం కొనాలో తోచదు. ఈత కొలను అయింది, గుర్రం అయింది, పంజరంలో రంగురంగుల విదేశీ పక్షీ అయింది. ఇక మిగిలింది సైన్యమే. గడ్డి మీద ఒక పాత మిలిటరీ లారీ నిలబెడితే వచ్చిన చుట్టాలు ఫొటో దిగుతారు, రాని చుట్టాలు ఆ ఫొటో చూసి కుళ్లుకుంటారు. పైగా జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసిన గడ్డ ఇది. సర్వేయర్ ఏ పూట టేపు పట్టుకుని దిగుతాడో తెలియదు. ఆమాత్రం బందోబస్తు ఉండొద్దూ?

సైన్యం వదిలించుకున్న జోంగాలు, జిప్సీలు, శక్తిమాన్ లారీలు వేలానికి వస్తాయి. ఫిరంగి పేలే ట్యాంకు మాత్రం అమ్మరు. ఆ వెలితి దొరవారికి ఎప్పటికీ తీరదు. హర్యానాలోని డబ్వాలీ మండీకి పోతే డిస్పోజల్ జీపులను విప్పి, అతికి, కొత్త ఒళ్లు తొడిగి ఇస్తారు. అక్కణ్నుంచి మొయినాబాద్ పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. ఎడారులూ కొండలూ దాటడానికి పుట్టిన బండి నాగ్‌పూర్ మీదుగా ట్రైలర్ ఎక్కి, నాలుగు చక్రాలకూ గొలుసులు బిగించుకుని, టార్పాలిన్ కప్పుకుని, అత్తారింటికి వెళ్లే కొత్త పెళ్లికూతురిలా తల దించుకుని వస్తుంది.

వచ్చాక ఎన్‌ఓసీ, రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్. అవన్నీ ఎవరో ఏజెంటు చూసుకుంటాడు. అసలు దెబ్బ వేరే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ దాని ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు సైన్యం బండ్లకే చెల్లు. దేశం అడ్డంగా మోయించుకొచ్చిన శౌర్యాన్ని షెడ్డులో పెట్టి, రుద్ది, వేరే రంగు కొట్టాలి. పెయింటరు షేడ్ కార్డు విప్పి "సార్, క్రీమ్ కలర్ కొడదామా?" అన్నప్పుడు దొరవారి ముఖం చూడాలి.

చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా కొట్టినవాళ్లు అమెరికాలో చూసొచ్చి ఇక్కడ అంటించిన పిచ్చి కూడా కొంత ఉంది. కాలిఫోర్నియాలో జాక్ లిటిల్‌ఫీల్డ్ అనే ఆసామి ట్యాంకులను మందలుగా పెంచాడు. 2009లో ఆయన పోయాక కొన్నింటిని వేలం వేసి, కొన్నింటిని దేశం ఆ చివరనున్న మసాచుసెట్స్‌కు తోలారు. అదే అమెరికాలో 1919లో సైన్యం లారీల దండు వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయల్దేరింది. దారిలో వంతెనలు విరగడం, వాటిని వీళ్లే బాగుచేసుకోవడం. చేరేసరికి 62 రోజులు. ఆ దండులో ఉన్న ఐజెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాక ఆ బాధ మరచిపోకుండా దేశమంతా హైవేలు వేయించాడు.

మన పెద్దలకు అంత జ్ఞాపకశక్తి ఎక్కడిది? మొయినాబాద్ మీదుగా అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న రోడ్డే 46 కిలోమీటర్లు. వెడల్పు చేద్దామంటే మర్రిచెట్లు, చెట్లు కొట్టొద్దంటే కేసు, కేసు తేలేలోగా ప్రభుత్వాలే మారిపోయాయి. రోడ్డు ఎందుకు వేయలేదని అడిగితే తొమ్మిది వందలకు పైగా మర్రులను ముద్దాయిల్లా చూపిస్తారు. నిజాం కాలం నుంచి నిలబడ్డ చోటే నిలబడి ఉన్న పాపానికి, ఎదురొచ్చి ఎవర్నీ గుద్దని పాపానికి, నేరం వాటిదే.

గుద్దేవి వేరే ఉన్నాయి. దొరవారి ప్రహరీకి, స్లాబుకి, ఈత కొలనుకి కంకర గాల్లో ఎగిరి రాదు గదా. 2025 నవంబరు 3 పొద్దున ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకర బస్సులోకి ఒలికిపోయి, సీట్లలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కూరుకుపోయారు. 19 మంది పోయారు. యుద్ధం ముగిసిన బండికి గొలుసులు, టార్పాలిన్, ఇన్సూరెన్సు. ఊళ్ల మీదుగా రోజూ పరుగెత్తే కంకరకి ఒక పరదా కప్పించడానికి మనకు చేతులు రావు.

కాబట్టి రవాణా శాఖకు నాదొక మనవి. ఆ మిలిటరీ బండ్లను గడ్డి మీద ఎండబెట్టకుండా తాండూరు సర్వీసుకు ఇప్పించండి. చాలకపోతే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఎంతో దూరం లేదు, బీఎంపీ-2 వాహనాలు అక్కడే తయారవుతాయి. బరువు పద్నాలుగు టన్నులు, ఒళ్లంతా ఇనుప కవచం. నీళ్లలోనూ ఈదుతుంది కనుక ఈసీ వాగు పొంగినా ట్రిప్పు రద్దు కాదు. వెనక ఏడుగురు సైనికులు పడతారట. చేవెళ్ల స్టేజీలో అయితే నలభై మంది సర్దుకుంటారు. రంగు గొడవా లేదు, పల్లెవెలుగు రంగు కొట్టేస్తే సరి. మహాలక్ష్మి టికెట్టు చెల్లుతుంది. కండక్టరు పై మూత ఎత్తి, తల బయటపెట్టి అరుస్తాడు: "ఆధార్ కార్డులు తియ్యిండ్రి అమ్మా, జర ఫిరంగి కిందికి జరుగుండ్రి!"