లాంచీ సీటు ఆత్మకథ

లాంచీ సీటంటే అడుగున ప్లైవుడ్ పలక, దాని మీద స్పాంజి, పైన రెగ్జిన్ తొడుగు. రెగ్జిన్ తోలు కాదు, బట్ట మీద పోసిన పీవీసీ పూత. పీవీసీ స్వతహాగా గట్టిది, నీళ్ల పైపులు దానితోనే చేస్తారు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దానికి కొన్ని ద్రవాలు కలిపి మెత్తబరిచాకే అది వంగడం నేర్చింది. తయారీ గురించి ఇంతకన్నా చెప్పుకోనక్కర్లేదు. సీటు కష్టాలన్నీ లాంచీ ఎక్కాకే మొదలవుతాయి.

ఇక్కడ తన సంగతి చెప్పుకుంటున్న సీటు కృష్ణ మీద తిరిగినది. ఆత్మకథే అయినా ‘నేను’ అనదు. నల్లగొండ వైపు నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని సోమశిల నుంచి శ్రీశైలానికి నీళ్లున్న కాలంలో లాంచీలు నడుస్తాయి. 1955లో శంకుస్థాపన జరిగిన సాగర్ ఆనకట్ట లోయను ముంచితేనే కొండ ద్వీపమైంది, సీటుకూ కొలువు దొరికింది.

నీటి మీద ఉండే సీటుకు నీరే శత్రువనుకుంటారు. దానికన్నా ముందు ఎండ. ఈ మెట్టప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నల్ల రెగ్జిన్ అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది. ఆ వేడికి మెత్తదనమిచ్చే ద్రవం కొద్దికొద్దిగా పైకి తేలుతుంది. మొదట చేతికి జిగటగా తగులుతుంది. ఆనక రెగ్జిన్ బిరుసెక్కి, మోకాళ్లు ఆనే అంచున సన్నగా నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి, కుట్టు రంధ్రాల్లోంచి వాననీరు స్పాంజిలోకి దిగుతుంది. పైకి పొడిగానే ఉంటుంది. కూర్చున్నవాళ్ల బట్టలు తడిస్తేగానీ సంగతి బయటపడదు. తిట్లు మాత్రం సీటుకే.

తుడిచిన చేతులు తక్కువ. ఆ తక్కువలోనూ మేలు చేసినవి ఇంకా తక్కువ. మెరుపు కోసం ఒకరు కొబ్బరినూనె రాస్తే దుమ్మంతా అంటుకుంది. మరకకు థిన్నర్ పెడితే మరకతోపాటు పూతా పోయింది. బోరునీళ్లు పోసి వదిలేస్తే తెల్లచారలు మిగిలాయి. బాల్‌పెన్నుతో ఎవరో రెండు పేర్లు రాశారు. పెన్ను సిరా రెగ్జిన్ లోపలికి ఇంకుతుంది కాబట్టి ఆ జంట ఏమైందో గానీ పేర్లు పోలేదు. నిజానికి సీటు కోరేది పెద్దదేం కాదు. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు, మెత్తని బ్రష్షు, తర్వాత మంచినీళ్లలో తడిపిన గుడ్డ, చివర పొడిగుడ్డ. పైపైన పట్టిన బూజుకు నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ పనికొస్తుంది. బ్లీచింగ్ వద్దు, అది కుట్టుదారాన్ని తినేస్తుంది. ఆగిన లాంచీ మీద పట్టా కప్పినా, కింద గాలి ఆడకపోతే మళ్లీ బూజే.

చిన్న చిరుగుకు సైకిల్ పంచరు సొల్యూషన్ పూయడం అలవాటు. రెగ్జిన్‌లోంచి ఊరే ద్రవం ఆ జిగురును మెత్తబరుస్తుంది, అతుకు ఊడివస్తుంది. పీవీసీ రెగ్జిన్‌కు సరిపడే వినైల్ జిగురు తీసుకుని, చిరుగు లోపలినుంచి బట్టముక్క దూర్చి, అంచులు దగ్గరకు లాగి అంటించి, పైన బరువు పెట్టి వదలాలి. కుట్టు విడితే వంకర సూదితో, పాలిస్టర్ దారంతో, పాత రంధ్రాల్లోంచే కుట్టాలి. కొత్త రంధ్రాలు పొడిస్తే పోస్టల్ స్టాంపుల వరసలా ఆ గీత వెంబడే చిరుగుతుంది. నూలుదారం తడికి చివికిపోతుంది. తొడుగును పలకకు బిగించిన పిన్నులు తుప్పుపడితే పీకి స్టెయిన్‌లెస్ స్టీలువి కొట్టాలి. పలక పొరలుగా విడిపోతే మార్చి, కొత్తదానికి నీరు జారే రంధ్రాలు వేయాలి.

ఈ సీటుకు ఇవేవీ జరగలేదు. ముందు ప్లాస్టరు అంటించారు, తర్వాత చిరుగు కనపడకుండా తువ్వాలు పరిచారు. స్పాంజి కంపు కొట్టాక మూలకు నెట్టి దాని మీద డీజిల్ డబ్బా పెట్టారు. ఆఖరికి రేవు ఒడ్డున పడేశారు. కుక్కలు స్పాంజి లాగాయి, చేపలు అమ్మేవాళ్లు పలక మీద కూర్చున్నారు. కొన్నాళ్లకు ఎవరో చలిమంటలో వేశారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లూ గొంతూ మండుతాయి. పొగ ముక్కుకు తగలగానే వాళ్లే బయటికి లాగేశారు.

పాడైన సీటుకూ ఒక పని మిగులుతుంది. సీట్లు కుట్టేవాళ్లు పాత తొడుగు కుట్లు విప్పి, ముక్కలను కొత్త రెగ్జిన్ మీద పరిచి, సుద్దతో గీసి కత్తిరిస్తారు. పాతది సాగి ఉంటుంది కాబట్టి ఆ మేరకు గీత లోపలికి జరపాలి.