‘రెండ్రోజుల్లో అయిపోతుంది సార్’: టీకా తాత్పర్య సహితం

మూలం: రెండ్రోజుల్లో అయిపోతుంది సార్.

సందర్భం: సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పొద్దుటి స్టాండప్ వేళ ‘ఇది ఎప్పటికవుతుంది?’ అని మేనేజరు అడగ్గా డెవలపరు చెప్పిన జవాబు. అప్పటికి పని ఏమిటో ఇద్దరికీ పూర్తిగా తెలియదు.

ప్రతిపదార్థం: రెండ్రోజుల్లో = మీటింగులు, ప్రొడక్షన్ బగ్గులు, జ్వరాలు లేని రెండు దినముల లోపల; అయిపోతుంది = కోడ్ రాయడం మట్టుకు ముగియగలదు; సార్ = ఓ మేనేజరుగారూ! (ఇక ప్రశ్నలు వద్దని ప్రార్థన).

వ్యాకరణ విశేషం: ‘లో’ షష్ఠీ విభక్తి ప్రత్యయం. ‘లోపల’ అని అర్థం. ఈ వృత్తిలో ‘తరువాత’ అన్న అర్థమూ రూఢి. ‘అన్నీ సవ్యంగా సాగితే’ అన్నది అధ్యాహారం.

పాఠాంతరాలు: ‘ఆల్మోస్ట్ అయిపోయింది సార్’ అని కొందరి పాఠం. బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్ పేర ప్రసిద్ధమైన సూత్రం దీనికి తగిన వివరణ: మొదటి 90 శాతం కోడ్‌కు 90 శాతం సమయం పడుతుంది, మిగిలిన 10 శాతానికి మరో 90 శాతం. ‘రెండు స్టోరీ పాయింట్లు’ (పని బరువుకు వేసే అంకె) అన్నది నవీన పాఠం. రోజుల ఊసే లేదు కాబట్టి నిలదీయడం కష్టం.

అలంకారం: చెప్పినవారికి ఉత్ప్రేక్ష, విన్నవారికి స్వభావోక్తి. అందుకే డెవలపరు ఊహ మేనేజరు ఎక్సెల్ షీటులోకి చేరేసరికి గడువుగా మారుతుంది. రసం హాస్యం, రిలీజ్ నాటికి భయానకం.

వ్యాఖ్య: ఐబీఎం ఓఎస్/360 నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ‘ద మిథికల్ మ్యాన్ మంత్’ గ్రంథంలో ప్రాజెక్టు కాలాన్ని ఇలా పంచాడు: ప్రణాళికకు మూడో వంతు, కోడింగుకు ఆరో వంతు, పరీక్షలకు సగం. మూలంలోని రెండు రోజులు కోడింగువే కనుక మొత్తం పని పన్నెండు రోజులు. డెవలపరు అబద్ధమాడలేదు, ఆరో వంతు నిజం చెప్పాడు.

పూర్వపక్షం: కీడెంచి మేలెంచమన్నారు కదా, ముందే కీడెంచి చెబితే సరిపోదా?

సమాధానం: చాలదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ప్రకటించిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్‌కు సగటున 33.9 రోజులు చాలునన్నారు. అన్నీ ఎదురుతిరిగినా 48.6 అన్నారు. పట్టినవి 55.5. తక్కువ అంచనా వేసే ఈ దోషానికే 1979లో కానెమన్, ట్వర్‌స్కీ ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరుపెట్టారు.

మరో పూర్వపక్షం: ఆలస్యమైతే మనుషులను పెంచవచ్చు కదా?

సమాధానం: పెంచితే మరింత ఆలస్యమని బ్రూక్స్ నిర్ణయం. కొత్తవారికి పని నేర్పవలసింది పాతవారే. జట్టు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే ఒక పని.

సిద్ధాంతం: తలచుకుని చెప్పే అంకె కన్నా ఇలాంటి పనికి ఇదివరకు నిజంగా పట్టిన రోజుల లెక్క ప్రమాణం. పనిని చిన్న ముక్కలు చేయాలి. ఒకే అంకెకు బదులు ‘ఇన్ని మొదలు ఇన్ని రోజుల వరకు’ అనాలి. పని తెలిసివచ్చేకొద్దీ ఆ ఎడం తగ్గించాలి.

తాత్పర్యం: అయ్యా, మరో పని నెత్తిన పడకుంటే, ఇప్పటికి తెలిసినంతలో, రెండు రోజుల్లో కోడ్ రాస్తాను. టెస్టింగులో ఏం బయటపడుతుందో నాకూ తెలియదు. క్లయింటుకు మాత్రం మూడు వారాలని చెప్పుకోండి అని భావం.