పెళ్లిరోజు ప్రైవేట్ లిమిటెడ్

సబర్మతి ఒడ్డున ఉన్న ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీలో ఇక మందు పోయొచ్చని గుజరాత్ ప్రభుత్వం 2023 డిసెంబరు 22న సెలవిచ్చింది. 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ ఉన్న మద్య నిషేధానికి ఇదొక మర్యాదస్తుల చిల్లు. అదే నదికి కాస్త దిగువన గాంధీగారి ఆశ్రమం ఉంది. నీళ్లు ఎటు పారతాయో అందరికీ తెలుసు గనక ఆ ఊసు వదిలేద్దాం.

నా బెంగంతా సూరత్ గురించి. అక్కడి లింబాయత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగువాళ్లు బోలెడుమంది. అలాంటి ఓ ఇంట్లో వచ్చే నెల పాతికేళ్ల పెళ్లిరోజు ఉందనుకోండి. సిరిసిల్ల నుంచి వెళ్లిన ఆ పెద్దమనిషికి ఒక ముచ్చట. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు భార్యతో కూర్చుని, చెరో గ్లాసు మంచి వైన్ పెట్టుకుని, తీరిగ్గా భోంచేయాలని. ఊళ్లో హోటళ్లకేం తక్కువ లేదు. 2023 డిసెంబరు 17నే ప్రధాని వచ్చి, పెంటగాన్‌ను మించిన డైమండ్ బోర్స్ భవనం తెరిచి వెళ్లారు. ఆ ఊళ్లో పెళ్లాం వేలికి వజ్రం దొరుకుతుంది, చేతికి గ్లాసు దొరకదు.

నలభై దాటినవాళ్లకు హెల్త్ పర్మిట్ అని ఒకటుంది. ఫలానా జబ్బుకు మద్యం అవసరమని డాక్టరు రాసివ్వాలి. అంటే పెళ్లిరోజు నాటికి ఆలుమగలిద్దరికీ కలిసికట్టుగా జబ్బు చేయాలి. చేసినా, ఆ తాగేదేదో ఇంట్లో కూర్చుని తాగాలి. లేదా మందు దొరికే దమన్ పోవాలి, చెక్‌పోస్టు దగ్గర ఊపిరి బిగబట్టి తిరిగి రావాలి.

కాబట్టి వాళ్లకు నా సలహా ఒక్కటే. కాపురాన్ని కంపెనీగా రిజిస్టర్ చేసి, గిఫ్ట్ సిటీలో ఆఫీసు తెరవండి. 2023లో పెట్టిన నియమం ప్రకారం అక్కడి యజమానులకు, ఉద్యోగులకు పర్మిట్ ఇస్తారు. కంపెనీకి వచ్చే అతిథులకూ తాత్కాలిక పర్మిట్ ఉంది, కాకపోతే పర్మనెంటు ఉద్యోగి పక్కనుంటేనే తాగాలి. ఇక్కడే చిక్కు. ఈ కంపెనీలో పర్మనెంటు ఉద్యోగి ఎవరు? పాతికేళ్లుగా జీతం లేకుండా, ఆదివారం సెలవైనా లేకుండా, మూడు షిఫ్టులూ చేస్తున్న మనిషి ఎవరో ఆ ఇంట్లో పిల్లల్నడిగినా చెబుతారు. పర్మిట్ ఆమెకే. తనే యజమానినని భ్రమపడుతున్న ఆయనగారు కాగితాల మీద అతిథి.

“అయితే నేను చెయ్యి కడుక్కోను పోతే?” అని ఆమె అడుగుతుంది.

“గ్లాసు కింద పెట్టి కూసుంటనే. రూలు అట్లుంది.”

“ఇంతకు మించిన రూలు పాతికేండ్లల్ల నేను సూడలే.”

పెళ్లిరోజు అని రాస్తే గేటు దగ్గర ఒప్పుకోకపోవచ్చు. వార్షిక సర్వసభ్య సమావేశం అని రాయాలి. ఎజెండాలో పోయినేటి జమాఖర్చుల ఆమోదం, పిల్లలనే రెండు అనుబంధ సంస్థల నష్టాల సమీక్ష, కట్నం కింద వచ్చిన మూలధనం ఏమైందన్న దాని మీద ఆమె లేవనెత్తే పాత అభ్యంతరం. స్వతంత్ర డైరెక్టరుగా అత్తగారు. ఆవిడ ఎలాగూ అన్ని తీర్మానాలనూ వ్యతిరేకిస్తారు. సీసా మిగిలితే ఇంటికి తెచ్చుకుందామంటే కుదరదు, అక్కడ సీసాలు అమ్మరు, గ్లాసుల్లో పోయడమే. తాగి రైలెక్కి 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సూరత్‌లో దిగాక నోట్లో మిగిలిన వాసన ఏ చట్టం కిందికి వస్తుందో కంపెనీ సెక్రటరీని అడగాలి. అంత జీతం ఇచ్చి కంపెనీ సెక్రటరీని పెట్టుకోవాలంటే మరో నాలుగు మగ్గాలు నడపాలి.

గిఫ్ట్ సిటీకి ఈ వెసులుబాటు ఎందుకు అంటే, ప్రపంచస్థాయి వ్యాపార వాతావరణం కోసమట.

మరి లింబాయత్‌లో ఉన్నది ఏ స్థాయి వాతావరణం? పన్నెండు గంటలు మగ్గాల రొదలో నిలబడేవాడికి గ్లాసు ఇస్తే చెడిపోతాడు, డెరివేటివ్‌లు అమ్మేవాడికి ఇస్తే పెట్టుబడి వస్తుంది. నేను తాగుడు తరఫు వకీలును కాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, మూడేళ్లకు ప్రభుత్వమే నిషేధం పెట్టాల్సి వచ్చిన నేల మనది. ఆ ఆడవాళ్లు తాగేవాడి జీతమెంత, ఆఫీసెక్కడ అని విచారించలేదు. గుజరాత్ విచారిస్తోంది. సూరత్ శివారు వరేలీలో 2016లో కల్తీ సారాకు జనం రాలిపోయారు. 2022 జులైలో బోటాద్ వైపు మిథనాల్ తాగి నలభై మందికి పైగా చచ్చిపోయారు. అహ్మదాబాద్‌లో 2009లో నూట ముప్పై మందికి పైగా పోయారు. ఆ తర్వాత కల్తీ సారా చావులకు ఉరిశిక్ష దాకా చట్టం రాసుకున్నారు, 2017లో మద్యం అమ్మితే పదేళ్ల జైలన్నారు. ఇంత కఠినమైన చట్టం పేదవాడికి విషాన్ని తప్పించలేకపోయింది, పెద్దవాడికి మాత్రం మందు పోసే ఎఫ్ఎల్-3 లైసెన్సుతో బల్ల వేసింది. పేదల మేలు కోరే నిషేధం పెట్టామని అరవై ఏళ్లుగా చెబుతున్న పెద్దలు, ఆ మేలు ఒక్క గేటు లోపలివాళ్లకు ఎందుకు అక్కర్లేకుండా పోయిందో వరేలీ వెళ్లి, ఆ ఇళ్ల ముందు నిలబడి చెప్పాలి.