సైట్‌సీయింగే సార్!

లింగాల ఘనపూర్‌లో సాయంత్రం పూట మా పెద్దబాపు ఇంటి ముందు నుంచి నడిస్తే, లోపల పోలీసు విచారణ జరుగుతున్నట్టే వినిపిస్తుంది. "వై ఆర్ యు గోయింగ్ టు అమెరికా?" అని గద్దిస్తుంది డిగ్రీ చదువుతున్న మా చెల్లె బిడ్డ. "సైట్‌సీయింగ్" అంటాడు పెద్దబాపు చేతులు కట్టుకొని. "ఏం చూస్తరు?" "నయాగరా." అంతవరకూ బాగానే ఉంటుంది. ఇంతలో పెద్దమ్మ అందుకుంటుంది. "నయాగరా సంగతి దేవుడెరుగు, కోడలు పచ్చి బాలింత గదా, దానికి పత్తెం ఎవలు వండాలె? పోరనికి నీళ్లెవలు పోయాలె?"

ఫెయిల్. మళ్లీ మొదటి నుంచి.

వెళ్లేది టూరిస్టు వీసా మీద. ఆ వీసాతో ఉద్యోగం చేయకూడదు. బాలింత పని కూడా ఉద్యోగం కిందికే వస్తుందేమోనని డాలస్‌లో కొడుకు భయం. అందుకే ఇద్దరూ యాత్రికులయ్యారు. పుట్టి బుద్ధెరిగాక యాదగిరిగుట్ట, వేములవాడ తప్ప యాత్రలెరుగని మనుషులు, ఇప్పుడు ఆరు నెలల సెలవు మీద జలపాతాలు చూడబోయే దొరలు!

పెద్దబాపు జనగామ బస్టాండులో 30 రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకం కొన్నాడు. అందులో ప్రయాణికుల పాఠం కంఠతా వచ్చేసింది. గది ఖాళీ ఉందా, మెనూ కార్డు తెండి, మ్యూజియం ఎన్ని గంటలకు మూస్తారు, అన్నీ అడగగలడు. అడగడానికి ఎవరూ ఉండరు, అంతే. గది కొడుకు ఇంట్లో పిల్లల బొమ్మల మధ్య. మెనూ ఏమిటన్నది పెద్దమ్మ చేతిలోనే ఉంది, ఎందుకంటే వండేదీ ఆమే.

అసలు వీసా విచారణ జరిగేది హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో. అది 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. కొత్త కాంపౌండు 12 ఎకరాల పైచిలుకని చెబితే పెద్దబాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు: "పాస్‌బుక్కు ఎవని పేరు మీదున్నది?" మా జిల్లాలో భూమి గురించి ఏది విన్నా మొదట వచ్చే సందేహం అదే, ఆయనను తప్పుపట్టలేం.

వీసా రుసుము మనిషికి 185 డాలర్లు. రాకపోతే తిరిగిరాదు. అందుకని దేవుణ్ణి కూడా రంగంలోకి దింపారు. చిలుకూరులో ముందు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. మా మండలంలోనే జీడికల్ రామచంద్రస్వామి ఉన్నాడు, పైగా సముద్రం దాటిన అనుభవం ఉన్నవాడు. ఆయన్ను కాదని చిలుకూరు దాకా పోవడమెందుకన్నాను. "ఆయనకు వీసా డిపార్ట్‌మెంటు లేదు బిడ్డా" అంది పెద్దమ్మ.

ఇక ఇంటర్వ్యూ. కిటికీ అవతలి తెల్లదొరసాని నవ్వి, "నమస్కారం, అమెరికా ఎందుకు వెళ్తున్నారు?" అని అచ్చ తెలుగులో అడిగింది. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులోనూ మాట్లాడొచ్చన్న ముక్క, ఇన్ని రోజులు పాఠం చెప్పినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. పెద్దబాపుకు గొంతు తడారింది. తెలుగులో జవాబు ప్రాక్టీసు చేయలేదు మరి! "సైట్‌సీయింగ్" అన్నాడు ఇంగ్లీషులోనే. రెండు నిమిషాల్లో పని అయిపోయింది, పాస్‌పోర్టులు లోపలే ఉంచుకున్నారు. ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టు. ఈ ఒక్క చోటే, వస్తువు తిరిగి చేతికివ్వకపోతే మనవాళ్లు పండగ చేసుకునేది.

విమానాశ్రయాల్లో ఇంగ్లీషు గండం గట్టెక్కడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం చక్రాల కుర్చీ. కూర్చుంటే చాలు, తోసేవాడే గేటు వెతుకుతాడు, లైను దాటిస్తాడు, అధికారి ముందు నిలబెడతాడు. మొన్నటిదాకా పత్తి చేనులో వీపుకు డబ్బా కట్టుకొని మందు కొట్టిన పెద్దబాపుకు, టికెట్ బుక్కు కాగానే కాళ్లు పడిపోయాయి. శంషాబాద్‌లో మొదలైన ఆ జబ్బు డాలస్‌లో కొడుకు కనబడగానే నయమవుతుంది. ఏ వ్యాకరణ పుస్తకమూ ఇంత త్వరగా పని చేయదు.

కస్టమ్స్ దగ్గర ఏమవుతుందో చెప్పలేను. మాంసం, విత్తనాలు, పచ్చి కరివేపాకు తేవద్దని వాళ్ల నిబంధన. కరివేపాకు ఎందుకంటే, నిమ్మ నారింజ తోటల తెగులు దాంతో వస్తుందని. పెద్దమ్మ ఈ మాట నమ్మలేదు. "ఆకుతోని రోగం పోతది గనీ వస్తదా?"

అసలు కావలసిన పాఠాలు ఆ పుస్తకంలో లేవు. పొద్దున వాకింగ్‌లో కుక్కను పట్టుకొని ఎదురొచ్చే మనిషి "హౌ ఆర్ యు" అంటే, ఆగకుండా వెళ్లిపోవాలని, మోకాళ్ల నొప్పులు మొదలుపెట్టకూడదని ఎవరు చెప్పాలి? కారు నడపడం రాని మనిషి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇంట్లో ఏ సైటు సీయాలి? తాత మాట తెలుగులో ఉంటే మొహం చిట్లించే పెద్ద మనుమణ్ణి ఏ భాషలో బుజ్జగించాలి? అన్నిటికంటే ముఖ్యం, పచ్చిపులుసుకు ఎండుమిర్చి పోపు పెట్టగానే కొంపలంటుకున్నట్టు కూసే స్మోక్ అలారం ఒకటుంటుంది. అది విని ఫైరింజను వచ్చి వాకిట్లో ఆగి, హెల్మెట్ పెట్టుకున్న ఆరడుగుల మనిషి "వాట్ హాపెండ్ మ్యామ్?" అంటే, ఆ పోపు సంగతి ఏ టెన్సులో చెప్పాలో రాసిన మహానుభావుడు జనగామ బస్టాండులో ఇంకా దొరకలేదు.