రిపబ్లిక్ డేకి కొన్ని పెడసరం సలహాలు

విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో జనవరి 26 ఎక్కడైనా ఒకటే తీరు. పొద్దున జెండా, జనగణమన, రాష్ట్రపతి సందేశాన్ని రాయబారి చదివి వినిపించడం, పిల్లల పాటలు, టిఫిను. విందు మటుకు వేరే: హోటల్లో, స్థానిక మంత్రులకూ ఇతర దేశాల రాయబారులకూ. నేను చెప్పబోయేవి ఈ పద్ధతికి అడ్డం తగులుతాయి. ప్రోటోకాల్ చూసేవాళ్లు వీటిని తప్పుడు సలహాలంటారు. నాకు మాత్రం ఇవే సరైనవనిపిస్తాయి. ఆ రోజు మనం పండగ చేసుకునేది రాజ్యాంగానికి కదా.

విందు ప్రసంగంలో ఎమర్జెన్సీ గురించి చెప్పండి. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, పర్వాలేదు. చంద్రయాన్‌ని అతిథులు టీవీలో చూసే ఉంటారు. ఎన్నికలు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న దేశం నుంచి వచ్చిన అతిథికి కావలసిన కథ వేరు. 1975 జూన్‌లో హక్కులు పోయాయి, నాయకులు జైళ్లకు వెళ్లారు, పత్రికల మీద సెన్సారు వచ్చింది. 1977 మార్చిలో ఓటర్లు రాయ్‌బరేలీలో సాక్షాత్తు ప్రధానినే ఓడించారు. ఆమె దిగిపోయారు. ఓడినవాళ్లు దిగిపోవడం ఎంత పెద్ద విషయమో, అది జరగని దేశాల వాళ్లకే బాగా తెలుసు.

ముందు వరసలో మంత్రుల్ని కాదు, మీరున్న దేశపు ఎన్నికల సిబ్బందిని కూర్చోబెట్టండి. మన మొదటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్, చదువురాని కోట్లమంది చేత గుర్తులు చూసి ఓటు వేయించిన మనిషి, 1953లో సూడాన్ వెళ్లి అక్కడి తొలి పార్లమెంటు ఎన్నికలు జరిపించి వచ్చారు. మన ప్రజాస్వామ్య దౌత్యంలో నేను అన్నిటికన్నా గౌరవించే అధ్యాయం అదే.

అన్ని ఆహ్వానాలకీ వెళ్లకండి. మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక, 2021 మార్చి 27న నేపిడాలో సాయుధ దళాల దినోత్సవ కవాతు జరిగింది. ఎనిమిది దేశాల ప్రతినిధులు హాజరయ్యారు, వారిలో మనవారూ ఉన్నారు. అదే రోజు ఆ దేశం వీధుల్లో సైనికులు వందమందికి పైగా పౌరుల్ని కాల్చి చంపారు. పొడవైన సరిహద్దు ఉంది, ఈశాన్యంలో తిరుగుబాటుదారుల బెడద ఉంది, మాటలు తెంచుకోలేం అంటారు. మాట్లాడండి, గదిలో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడండి. కవాతు చూడ్డానికి మాత్రం వెళ్లకండి. మన కుర్చీ ఖాళీగా ఉంటే అది అక్కడి జనానికి కనపడుతుంది.

ఇక అందరికీ కోపం తెప్పించే సలహా: భవనాలు కట్టివ్వకండి. కాబూల్‌లో అఫ్ఘాన్ పార్లమెంటుకి 2005లో మన్మోహన్ సింగ్ సమక్షంలో మాజీ రాజు జహీర్ షా శంకుస్థాపన చేశారు. పదేళ్లు పట్టింది, దాదాపు 9 కోట్ల డాలర్లయింది. 2015 డిసెంబర్ 25న మోదీ ప్రారంభించారు, ఒక విభాగానికి అటల్ పేరు పెట్టారు. ఎంతో ప్రేమతో ఇచ్చిన కానుక, అందులో నాకు అనుమానం లేదు. 249 మంది కూర్చునే దిగువ సభ, అందులో 68 సీట్లు ఆడవాళ్లకి. తాలిబన్లు కాబూల్‌లో అడుగుపెట్టింది 2021 ఆగస్టు 15న, సరిగ్గా మన స్వాతంత్య్ర దినోత్సవం నాడే. భవనం అలాగే ఉంది, సభ లేదు. దేశం విడిచి వెళ్లకుండా ఉండిపోయిన మాజీ సభ్యురాలు ముర్సల్ నబీజాదాను 2023 జనవరిలో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు.

మనుషుల మీద ఖర్చుపెట్టి ఉంటే వాళ్లు ఎక్కడున్నా ప్రజాస్వామ్యం పని సాగేది. స్కాలర్‌షిప్పులు ఇచ్చాం, నిజమే. కానీ 2021 ఆగస్టులోనే, మన దేశం బయట ఉన్న అఫ్ఘాన్లకి అంతకు ముందిచ్చిన వీసాలన్నీ రద్దుచేశాం. ఇంటికి వెళ్లిన విద్యార్థులు అక్కడే చిక్కుపడ్డారు. భద్రత కోసం అన్నారు. ఒక్కొక్కరినీ విచారించి రానివ్వాల్సింది. అది కష్టమైన పనే, కానీ దౌత్యమంటే ఆ కష్టమే కదా.

ప్రవాస తెలుగు సంఘాలకి ఒక మాట. ఈ ఏడాది సినిమా తారని పిలవకండి. ఆ డబ్బుతో మీరుండే దేశంలోని ఒక చిన్న ఊరి కౌన్సిల్ సభ్యురాల్ని మన పంచాయతీ ఎన్నికల సమయంలో ఇక్కడికి పంపండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం పదవులు ఆడవాళ్లవే. సర్పంచి బదులు భర్త పెత్తనం చేసే ఊరినీ చూపించండి, సర్పంచే గ్రామసభలో లెక్కలు చదివి వినిపించే ఊరినీ చూపించండి. టికెట్టు ఎవరైనా కొనిపెడతారు. వీసా కాగితాల వెంట మాత్రం మీరే పడండి, పని ఆగిపోయేది అక్కడే.